స్కైవాకా, జీబ్రా క్రాసింగా?

హైదరాబాద్ ఉప్పల్ కూడలిలో 2023లో స్కైవాక్, అంటే జనం రోడ్డుకు పైనుంచి నడిచి దాటే వంతెన, తెరిచారు. పొడవు దాదాపు 660 మీటర్లు. లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి, నేరుగా మెట్రో స్టేషన్‌లోకే దారి. వరంగల్ బస్సు దిగి మెట్రో ఎక్కేవాళ్లకు నిజంగా హాయి. అంత పెద్ద కూడలికి అది సరే.

మామూలు నాలుగు రోడ్ల సెంటర్‌కూ అదే కావాలంటే మాత్రం ఒప్పుకోను. ఎదురుగా ఉన్న మెడికల్ షాపుకు పోవడానికి మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ అన్ని మెట్లెక్కి దిగాలా? లిఫ్టు ఆగిపోతే ఇక అంతే సంగతులు. జీబ్రా క్రాసింగ్‌కు కావలసినవి కాస్త రంగు, నడిచేవాళ్లకు సిగ్నల్‌లో చాలినన్ని సెకన్లు, గీత మీదికొచ్చి ఆగే బైకులకు చలానా. ఖర్చు తక్కువే. కాకపోతే కార్లను ఆపాలి, అక్కడే వస్తుంది చిక్కు! స్కైవాక్‌కు ఆ బెడద లేదు, పైగా రిబ్బన్ కత్తిరించొచ్చు.

నా ఓటు జీబ్రాకే. అయితే దాని రెండు చివర్లా ఫుట్‌పాత్ మీద బళ్లు పార్క్ చేయనివ్వకూడదు.