క్యూడెలిక్స్ 5కే తో సెన్‌హైజర్ హెచ్‌డీ 650: ఏడాది పైన వాడాక నా అభిప్రాయం

సెన్‌హైజర్ హెచ్‌డీ 650 హెడ్‌ఫోన్ కొన్న కొత్తల్లో ఎవర్ని అడిగినా ఒకటే మాట, "అది 300 ఓమ్స్ హెడ్‌ఫోన్, టేబుల్ మీద పెట్టుకునే పెద్ద ఆంప్ లేకపోతే కొనడం దండగ" అని. నేనూ నమ్మేశా, ఇటుకరాయంత ఆంప్ (పాట సిగ్నల్‌ని పెంచి హెడ్‌ఫోన్‌కి ఇచ్చే డబ్బా) ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టుకున్నా, బాగానే వినేదాన్ని, కానీ ఆ మూడు మీటర్ల కేబుల్‌తో కుర్చీకి కట్టేసినట్టు ఉండేది. పడుకుని వినాలన్నా, పని చేసుకుంటూ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ వినాలన్నా కుదరదు. అందుకే క్యూడెలిక్స్ 5కే అనే చిన్న పోర్టబుల్ ఆంప్ తీసుకున్నా. అగ్గిపెట్టెంత ఉంటుంది, వెనక క్లిప్ ఉంటుంది, చొక్కా జేబుకి తగిలించుకోవచ్చు, బ్లూటూత్‌తో పనిచేస్తుంది, యూఎస్‌బీతో ఫోన్‌కి గుచ్చినా పనిచేస్తుంది. మొదటి వారంలోనే రివ్యూ రాసుంటే సగం తప్పులు రాసేదాన్ని, ఇప్పుడు ఏడాది దాటింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

ముందు ఆ 300 ఓమ్స్ భయం సంగతి. ఓమ్స్ అంటే హెడ్‌ఫోన్ కరెంట్‌కి ఎంత అడ్డుపడుతుందో (దాన్నే ఇంపీడెన్స్ అంటారు) చెప్పే లెక్క. ఓమ్స్ చూసి హెడ్‌ఫోన్ మోగడం కష్టమా తేలికా అని తేల్చేయడం తప్పు, పక్కనే సెన్సిటివిటీ అని, ఇంత సిగ్నల్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే ఇంకో నంబర్ ఉంటుంది, రెండూ కలిపి చూడాలి. హెచ్‌డీ 650కి కంపెనీ ఇచ్చే లెక్క 1 వోల్ట్ ఇస్తే 103 డీబీ (డెసిబెల్, శబ్దం గట్టితనానికి కొలత). అంటే 2 వోల్టులకి 109, 4 వోల్టులకి 115. వోల్టేజ్ రెట్టింపు అయిన ప్రతిసారీ 6 డీబీ పెరుగుతుంది, అంతే లెక్క. ఇప్పుడు కరెంట్ చూడండి, 4 వోల్టులని 300తో భాగిస్తే 13 మిల్లీయాంప్స్ చిల్లర, పవర్ 53 మిల్లీవాట్లు, ఎంత చిన్న ఆంప్ అయినా అలవోకగా ఇచ్చేస్తుంది. ఓమ్స్ ఎక్కువున్న హెడ్‌ఫోన్‌కి కావాల్సింది వోల్టేజ్, కరెంట్ కాదు. 5కే మామూలు 3.5 ఎంఎం జాక్‌లో 2 వోల్టులు, 2.5 ఎంఎం బ్యాలెన్స్‌డ్ జాక్‌లో (దీని సంగతి తర్వాత చెప్తా) 4 వోల్టులు ఇస్తుంది. కాబట్టి "ఇంత చిన్న డబ్బా 300 ఓమ్స్‌ని లాగుతుందా" అని అడిగితే లాగుతుంది, ఇంకా మిగులుతుంది కూడా.

అలాంటప్పుడు హెడ్‌ఫోన్ తగిలించడానికి ఫోన్‌కి పెట్టుకునే బుల్లి డాంగిల్ చాలదా అని మీకు డౌట్ రావాలి, నాకూ వచ్చింది. యాపిల్ డాంగిల్ 1 వోల్ట్ ఇస్తుంది, అంటే పీక్స్ (పాటలో అన్నిటికన్నా గట్టిగా మోగే క్షణాలు) 103 డీబీ దాకా వెళ్తాయి. ఇప్పటి పాటలు బాగా గట్టిగా రికార్డ్ చేసి ఉంటాయి కాబట్టి సగం వాల్యూమ్‌కే చెవులు నిండిపోతాయి. పాత రికార్డింగులు, కచేరీ రికార్డింగులు అలా కాదు, వాటిలో పీక్‌కీ యావరేజ్‌కీ మధ్య 20 డీబీ తేడా ఉండటం మామూలే, అలాంటప్పుడు ఫుల్ వాల్యూమ్ పెట్టినా యావరేజ్ 83 దగ్గర ఆగుతుంది. నిజం చెప్పాలంటే 83 కూడా ఎక్కువే, రోజూ గంటలు గంటలు వినాల్సిన లెవెల్ కాదది. పెద్దవాళ్ళకి 80 డీబీ అయితే వారానికి 40 గంటలు దాటకూడదని డబ్ల్యూహెచ్ఓ వాళ్ళ లెక్క. అంటే ఉత్త పాట వినడానికి డాంగిల్ చాలు. యూరప్ కోసం అమ్మే యాపిల్ డాంగిల్ సగం వోల్టే ఇస్తుంది, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో డాంగిల్ వాల్యూమ్ పూర్తిగా పెరగదు, ఆ ఇబ్బందులు ఉన్నవాళ్ళ సంగతి వేరు.

మరి నేను 5కే ఎందుకు వదలట్లేదంటే ఈక్యూ కోసం, అంటే బేస్, ట్రెబుల్ లాంటివి మనకి కావాల్సినట్టు పెంచి తగ్గించుకునే సదుపాయం కోసం. ఈ రివ్యూలో నేను చెప్పదల్చుకున్న అసలు సంగతి ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

హెచ్‌డీ 650 గొంతులకి పెట్టింది పేరు. గాయని ఊపిరి తీసుకోవడం, పల్లవి చివర గొంతు సన్నగా తగ్గించడం, ఇవన్నీ పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంటాయి. 2003లో వచ్చిన మోడల్‌ని ఇప్పటికీ జనం కొంటున్నారంటే ఊరికే కాదు. కానీ ఓపెన్ బ్యాక్ (చెవి కప్పుల వెనక తెరిచి ఉండే రకం) కాబట్టి అడుగు బేస్ జారిపోతుంది, మృదంగం ఎడమ వైపు "ధోం" అన్న మోతలో పై చప్పుడు వినిపిస్తుంది గానీ కింద గాలి కదిలినట్టుండే బరువు ఉండదు. 5కే యాప్‌లో పారామెట్రిక్ ఈక్యూ ఉంది. మామూలు ఫోన్ ఈక్యూ లాగా ఐదు గీతలు పైకీ కిందకీ జరపడం కాదు, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర, ఎంత వెడల్పున, ఎన్ని డీబీ అన్నది మనమే రాసి పెట్టుకోవచ్చు. పెట్టిన సెట్టింగ్ ఆ డబ్బాలోనే ఉండిపోతుంది, ఫోన్ మార్చినా, లాప్‌టాప్‌కి గుచ్చినా అదే ఈక్యూ. నేను 105 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (అక్కడి నుంచి కిందున్న బేస్ మొత్తాన్నీ పెంచే ఫిల్టర్) పెట్టి 5.5 డీబీ పెంచుకున్నా. మొదటిసారి పెట్టినప్పుడు నాకు బాగా తెలిసిన రికార్డింగ్ ఒకటి వేసుకున్నా, మృదంగం అందుకోగానే చెవి చుట్టూ కుషన్‌లో చిన్న కదలిక తెలిసింది, అప్పటిదాకా ఆ హెడ్‌ఫోన్‌లో అది నాకెప్పుడూ దొరకలేదు, పాట ఆపి మళ్ళీ మొదట్నుంచి పెట్టుకున్నా.

ఇక్కడే వోల్టేజ్ లెక్క మళ్ళీ వస్తుంది. డిజిటల్‌లో బేస్ 5.5 డీబీ పెంచితే పీక్స్ పైకప్పుకి కొట్టుకుని పగిలిపోతాయి, అలా కాకూడదంటే ముందు మొత్తం సిగ్నల్‌ని ఇంచుమించు 6 డీబీ కిందకి దించాలి, దాన్నే ప్రీ ఆంప్ అంటారు యాప్‌లో. 6 డీబీ దించడం అంటే సగం వోల్టేజ్ వదులుకోవడం. 1 వోల్ట్ డాంగిల్ మీద ఈ పని చేస్తే చేతిలో మిగిలేది అర వోల్ట్, ఇందాక చెప్పిన 83 కాస్తా 77 అవుతుంది, ఇంకా మెల్లగా రికార్డ్ చేసిన పాత పాట పెట్టారా వాల్యూమ్ చివరికెళ్ళి ఆగిపోతుంది, మీరు మాత్రం బటన్ నొక్కుతూనే ఉంటారు. 4 వోల్టుల నుంచి 6 డీబీ వదులుకున్నా ఇంకా 2 వోల్టులు ఉంటాయి. నేను ఆంప్‌కి డబ్బు పెట్టింది సరిగ్గా ఈ ఖాళీ కోసం అని నాకు ఆలస్యంగా అర్థమైంది. షెల్ఫ్ మరీ ఎక్కువ పెంచకండి, ఏడెనిమిది డీబీ దాటితే నా చెవికి బేస్ ముద్దగా అయిపోతోంది, అది ఆంప్ తప్పు కాదు, హెడ్‌ఫోన్ లోపల సౌండ్ పుట్టించే ఆ డ్రైవర్‌కి అంతే ఓపిక.

బ్యాలెన్స్‌డ్ గురించి చాలా కథలు విని ఉంటారు, స్టేజ్ (పాట మన చుట్టూ పరుచుకున్నట్టు అనిపించడం) పెరుగుతుంది, వాయిద్యాలు విడివిడిగా వినిపిస్తాయి అని. లోపల జరిగేది ఏంటంటే ప్రతి చెవికీ రెండు ఆంపులు, ఒకటి తోస్తుంటే రెండోది లాగుతుంది, దాంతో వోల్టేజ్ రెట్టింపు. జాక్ మార్చగానే 6 డీబీ గట్టిగా వినిపిస్తుంది కాబట్టి అందరికీ బాగున్నట్టే అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది, వారం రోజులు ఆ మాయలోనే ఉన్నా. తర్వాత ఒక ఆదివారం కూర్చుని తేల్చుకున్నా. స్ప్లిటర్ పెట్టి, 200 హెర్ట్జ్ టోన్ వేసి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్టేజ్‌లో పెట్టి, రెండు జాకుల్లోనూ ఒకే వోల్టేజ్ వచ్చేదాకా వాల్యూమ్ సరిచేశా. లెవెల్ కలిశాక తేడా వెతుక్కున్నా దొరకలేదు.

అదే ఊపులో టేబుల్ ఆంప్‌తో కూడా పోల్చా. ఈసారి తమ్ముణ్ణి కూర్చోబెట్టా, నేను గోడ వైపు తిరిగి కూర్చుంటే వాడు ప్లగ్గులు మారుస్తాడు, రెండిట్లోనూ ఒకే పాట, ఒకే వోల్టేజ్, ఈక్యూ తీసేసి. పది సార్లు మార్చాడు. మూడోసారికే వాడికి విసుగొచ్చి "ఏదోటి చెప్పక్కా, ఎంతసేపు వింటావ్" అన్నాడు. ఆరు కరెక్ట్, నాలుగు తప్పు. నాణెం ఎగరేసినా దాదాపు అన్నే వస్తాయి. టేబుల్ ఆంప్ బరువు చూసి, దాని లైటు చూసి, దాని సౌండ్‌లో ఏదో ఠీవి ఉందని నేను ఎన్ని నెలలు అనుకున్నానో, ఆ రోజు రాత్రి కాసేపు బాధేసింది, తర్వాత హాయిగా కూడా అనిపించింది.

అయితే అన్ని ఆంపులూ ఒకటే అనేస్తే అది కూడా తప్పే. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అని ఒకటి ఉంది, ఆంప్ తన వైపు నుంచి పెట్టే అడ్డు, అదీ ఓమ్స్‌లోనే. హెచ్‌డీ 650 పేరుకి 300 ఓమ్స్ గానీ 80, 100 హెర్ట్జ్ ప్రాంతంలో అది 500 దాకా ఎక్కుతుంది. ఆంప్ అవుట్‌పుట్ 120 ఓమ్స్ ఉందనుకోండి, పాతకాలం రిసీవర్లలో అలాంటివి ఉండేవి, అప్పుడు ఆ ప్రాంతం మిగతా సౌండ్ కంటే సుమారు 1 డీబీ ఉబ్బుతుంది, దాన్నే "వెచ్చటి సౌండ్" అని మెచ్చుకుంటుంటారు. ఒకటి రెండు ఓమ్స్ లోపు ఉండే ఇప్పటి చిన్న ఆంపులతో ఆ ఉబ్బు ఉండదు. నాకు ఉబ్బు కావాలంటే ఈక్యూలో పెట్టుకుంటా, అవసరం తీరాక తీసేస్తా. ప్లేనార్ హెడ్‌ఫోన్లకి (పల్చటి చదును పొరతో సౌండ్ చేసే రకం) ఈ గోలే లేదు, వాటి ఇంపీడెన్స్ ఈ చివర నుంచి ఆ చివరకి ఇంచుమించు గీత గీసినట్టే ఉంటుంది.

ప్లేనార్ అన్నాను కాబట్టి, చిన్న ఆంప్ ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా చెప్పాలి. హైఫైమ్యాన్ సుస్వరా అనే ప్లేనార్‌ని ఉదాహరణగా తీసుకోండి, 60 ఓమ్స్, 1 మిల్లీవాట్‌కి 83 డీబీ. ఓమ్స్ చూస్తే హెచ్‌డీ 650 కంటే తేలిక అనుకుంటాం. 110 డీబీ పీక్ కావాలంటే 27 డీబీ పైకి ఎక్కాలి, అంటే ఐదు వందల రెట్లు, అర వాట్. వోల్టుల్లో 5.5, కరెంట్ 90 మిల్లీయాంప్స్. 4 వోల్టుల డబ్బాకి ఇది అయ్యే పని కాదు, ఈక్యూ సంగతి ఇక మర్చిపోండి. ఫ్రెండ్ దగ్గర ఇలాంటి మొండి ప్లేనార్ ఒకటి తెచ్చుకుని రెండు రోజులు తంటాలు పడ్డా, గొంతులు బాగానే వచ్చాయి కానీ డ్రమ్ గట్టిగా పడ్డప్పుడల్లా దెబ్బ దిండు మీద పడ్డట్టు ఉంది, వాల్యూమ్ చూస్తే ఆఖరి మెట్టు మీద ఉంది. అలాంటి హెడ్‌ఫోన్ ఉన్నవాళ్ళు టేబుల్ ఆంపే కొనుక్కోండి, ఇందులో మొహమాటం లేదు.

దీనికి పూర్తిగా అటు చివర సెన్సిటివ్ ఇయర్‌ఫోన్లు. నా మొదటి పోర్టబుల్ ఆంప్, పేరెందుకులెండి, పాట లేనప్పుడు కూడా చెవిలో "స్స్స్" అంటూనే ఉండేది, పైగా తిప్పుడు నాబ్ కాబట్టి తక్కువ వాల్యూమ్‌లో ఎడమ చెవి గట్టిగా, కుడి చెవి మెల్లగా మోగేది. హెచ్‌డీ 650తో ఆ రెండూ తెలిసేవి కావు, ఇయర్‌ఫోన్ పెట్టగానే బయటపడేవి. అందుకే ఏ ఆంప్ చూసినా మీ దగ్గరున్న వాటిలో బాగా సెన్సిటివ్ అయినది పెట్టి, పాట ఆపేసి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక నిమిషం వినండి.

రోజువారీ వాడకంలో చెప్పాల్సినవి కొన్ని. 500 ఎంఏహెచ్ బ్యాటరీ, 4 వోల్టుల మోడ్‌లో పెడితే త్వరగా తాగేస్తుంది, నేను ఈక్యూ లేకుండా వినేటప్పుడు యాప్‌లో కింది మోడ్‌కి మార్చేస్తా. బ్లూటూత్‌లో ఎల్‌డాక్ (ఎక్కువ డేటాతో పాట పంపే పద్ధతి) సెకనుకి 990 కిలోబిట్ల దగ్గర పెట్టి రెండో గదిలోకి వెళ్తే తెగుతుంది, 660కి దించితే నా చెవికి తేడా తెలియట్లేదు, తెగడం మాత్రం చాలా తగ్గింది. యాప్ మొదటిసారి తెరిస్తే కళ్ళు తిరుగుతాయి, అన్ని ట్యాబులు, అన్ని అంకెలు, రెండు సాయంత్రాలు దానికే పోయాయి, కానీ ఒకసారి సెట్ చేసుకున్నాక నెలల తరబడి ముట్టుకోలేదు.

నాకు నచ్చనిది ఆ 2.5 ఎంఎం జాక్ ఒక్కటే. ఆ ప్లగ్ అగరొత్తి పుల్లలా ఉంటుంది. హెచ్‌డీ 650తో వచ్చే కేబుల్‌కి పెద్ద ప్లగ్, దానికో అడాప్టర్, అదంతా అగ్గిపెట్టెంత డబ్బాకి వేలాడదీస్తే జాక్ మీద బరువు పడుతుంది. అందుకని మీటరున్నర కేబుల్ వేరేది తెప్పించుకున్నా, మొదటిది మూడు నెలలకే ప్లగ్ మెడ దగ్గర తెగి ఎడమ చెవి వస్తూ పోతూ ఉండేది. రెండోదానికి ప్లగ్ వంగి, ఎల్ ఆకారంలో ఉంటుంది, క్లిప్‌ని తలకిందులుగా తగిలిస్తే వైరు కిందికి తిన్నగా దిగుతుంది, లాగినప్పుడు బరువు క్లిప్ మీద పడుతుంది గానీ జాక్ మీద పడదు. తొమ్మిది నెలలైంది, ఇంకా గట్టిగానే ఉంది. టేబుల్ ఆంప్ తమ్ముడు పట్టుకెళ్ళాడు.