బొమ్మ లేని కార్టూన్: ‘ది కార్ల్ స్టాలింగ్ ప్రాజెక్ట్’ సీడీ

వార్నర్ బ్రదర్స్ కార్టూన్లకు 1936 నుంచి 1958 దాకా సంగీతం కట్టిన కార్ల్ స్టాలింగ్ పనిని, మాటలూ చప్పుళ్లూ పక్కనపెట్టి ఆర్కెస్ట్రాతోనే వినిపించే సీడీ ఇది. నిర్మాత హాల్ విల్నర్, విడుదల 1990. యానిమేషన్ నేర్చుకునేవాళ్లూ రీరికార్డింగ్ చేసేవాళ్లూ తప్పకుండా కొనాలి. పని చేసుకుంటూ పాటల్లా వినేద్దామనుకుంటే మాత్రం పావుగంటకే చెవులు అలసిపోతాయి.

ఏ వరసా నాలుగు క్షణాలు నిలవదు మరి. జాజ్ మధ్యలో ఇటలీ ఒపెరా స్వరకర్త రొసీనీ దూరతాడు, అంతలోనే వయొలిన్లు జర్రున జారతాయి. స్టాలింగ్ మొదట కాన్సస్ సిటీలో మూకీ సినిమాలకు, తెర చూస్తూ ఆర్గన్ వాయించిన మనిషి. ఆ చురుకు ఎక్కడికీ పోలేదు. వినడానికి గందరగోళంగా ఉన్నా లెక్క మాత్రం గట్టిది. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు. పాత్ర అడుగు 12 ఫ్రేములకొకటి పడితే నిమిషానికి 120 దెబ్బలు, 10 ఫ్రేములకైతే 144, 8కైతే 180. దర్శకుడు ఈ నడక ముందే షీటు మీద రాసేవాడు, బొమ్మలు దాని ప్రకారమే గీసేవారు. ఆ తర్వాత వాద్యకారులు హెడ్‌ఫోన్లో అదే లయలో పడే టిక్కు టిక్కు చప్పుడు వింటూ వాయించేవారు.

ముందుగా ‘దేర్ దే గో గో గో’ (1956) ట్రాకు వినండి. రోడ్ రన్నర్ చిత్రం కనుక సంభాషణలు లేవు, కథంతా సంగీతమే మోస్తుంది. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) దగ్గర పెట్టుకుని నడక ఎక్కడెక్కడ మారుతోందో రాసుకోండి. తర్వాత చిత్రం పెట్టి పోల్చండి. ఒక జాగ్రత్త: పాల్ (PAL అనే టీవీ పద్ధతి) డీవీడీ సెకనుకు 25 ఫ్రేముల చొప్పున పరిగెడుతుంది. ఆరు నిమిషాల కార్టూన్ 14 సెకన్లు ముందే అయిపోతుంది, శ్రుతి కూడా పైకి పోతుంది. సీడీతో కలవలేదంటే తప్పు మీ చెవిది కాదు.

‘పవర్‌హౌస్’ ముక్కలున్న ట్రాకు కోసమైనా ఈ సీడీ కొనొచ్చు. రేమండ్ స్కాట్ 1937లో చేసిన ఆ బాణీ కార్టూన్ల కోసం పుట్టిందే కాదు. ఆయన రచనల హక్కులు 1943లో వార్నర్ చేతికొచ్చాక, తెర మీద యంత్రం కదిలితే చాలు, స్టాలింగ్ దాన్నే పట్టుకునేవారు.

లోటు కలగాపులగపు ట్రాకుల్లోనే. చాలా చిత్రాల ముక్కలు ఒకదాని వెనక ఒకటి అతికించారు, ఒకటి ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో చెవికి అందదు. పైగా పాత మోనో రికార్డింగు, 30ల నాటి ముక్కల్లో బేస్ పలచన. చిన్న బ్లూటూత్ స్పీకర్లో పెడితే ఆ ఉన్న కాస్తా పోతుంది. హెడ్‌ఫోన్లే మేలు.

1995లో రెండో సంపుటీ వచ్చింది. ఒక్కటే కొనేట్టయితే మొదటిదే తీసుకోండి. ‘పోర్కీ ఇన్ వ్యాకీల్యాండ్’ (1938) సంగీతం, అదే కథను 1949లో రంగుల్లో మళ్లీ తీసినప్పటి సంగీతం, రెండూ ఒకే ట్రాకులో దొరికేది ఇందులోనే.