"సోడా లేని సబ్బు" అమ్మే ఆ పేజీ జోలికి వెళ్లకండి

కోపం ఇంకా దిగలేదు, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. పేజీ పేరు చెప్పక్కర్లేదు, చేతి తయారీ సబ్బుల కోసం వెతికిన వాళ్లందరికీ తగిలే ఉంటుంది. రోజూ సాయంత్రం లైవ్ పెట్టి, సబ్బు దిమ్మను కత్తితో కోస్తూ "చూడండి, వెన్నలా ఎలా తెగుతోందో" అంటారే, వాళ్లే.

ముందు జరిగింది క్లుప్తంగా చెప్పేస్తాను. ఒళ్లు బాగా పొడిబారుతోంది, మామూలు సబ్బు పడట్లేదు, ఏ రకమైతే మంచిదా అని వెతుకుతుంటే వీళ్లు కనిపించారు. కెమికల్స్ లేవు, సోడా లేదు, మేకపాలు, కలబంద, పైగా పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలిచే అంకె, పెరిగేకొద్దీ క్షారం ఎక్కువ) 5.5 అని రాసుంది. కొన్నాను, వాడాను. మెడ మీద, మోచేతి మడతల్లో మంట మొదలైంది, ఆపైన ఎర్రగా కంది పొట్టు లేచింది. సరే, ఏ సబ్బయినా ఎవరికో ఒకరికి పడకపోవచ్చు. దానికే అయితే ఈ పోస్ట్ రాసేదాన్ని కాదు.

ఫొటోలు పెట్టి మర్యాదగానే మెసేజ్ చేశాను. డబ్బు వెనక్కిమ్మని కూడా అడగలేదు. ఈ బ్యాచ్‌లో ఏదైనా తేడా వచ్చిందేమో చూసుకోండి, మిగతావాళ్లకీ ఇదే వెళ్తుంది కదా అన్నాను. డబ్బు కట్టేదాకా "అక్కా, అక్కా" అంటూ వాయిస్ మెసేజ్‌లు పెట్టిన మనిషికి ఒక్కసారిగా నేను మేడమ్‌ని అయిపోయాను. "మేడమ్, ఇన్నాళ్లూ మీరు వాడిన కెమికల్ సబ్బుల విషం ఇప్పుడు బయటికి వస్తోంది. ఆపకండి, రోజుకు రెండుసార్లు రుద్దండి." కందిపోయిన చోటే మళ్లీ రుద్దాలట! చర్మం డాక్టర్‌కి చూపించానండీ, క్షారం ఎక్కువై వచ్చిన మంట అన్నారు అని రాశాను. దానికి జవాబు చూడండి: "వేలమంది వాడుతున్నారు, ఎవరికీ లేనిది మీకొక్కరికే వచ్చిందంటే లోపం మీ ఒంట్లోనే ఉంది మేడమ్. ముందు అది చూపించుకోండి." చివర ఒక దండం బొమ్మ. సబ్బు మండించింది చర్మాన్నే. ఆ దండం బొమ్మ చూశాక అరికాలి నుంచి నెత్తిదాకా మండింది. పేజీలో నేను పెట్టిన కామెంట్ మాయమైంది, నన్ను బ్లాక్ చేశారు. ఆ సాయంత్రం లైవ్‌లో అసూయపరుల గురించి ప్రసంగం కూడా నడిచిందట, నా స్నేహితురాలు చూసి చెప్పింది. చాలా బాగా మాట్లాడారట.

ఇక ఆ "సోడా లేదు" సంగతి. నూనెకు కాస్టిక్ సోడా అనే ఘాటైన క్షారం కలిస్తేనే సబ్బు అవుతుంది. అది లేకపోతే మిగిలేది నూనే. కొలత సరిగ్గా ఉంటే సోడా మొత్తం నూనెతో కలిసి ఖర్చయిపోతుంది, తయారైన సబ్బులో మిగలదు. అంటే నిజాయితీగా చేసేవాళ్లకు దాచాల్సిన పనే లేదు. కొలత తప్పితే మాత్రం మిగిలిన సోడా నేరుగా ఒంటి మీదికే వస్తుంది. పైగా కోల్డ్ ప్రాసెస్‌లో, అంటే పొయ్యి మీద ఉడికించకుండా చేసిన సబ్బును మామూలుగా 4 నుంచి 6 వారాలు గాలికి ఆరబెడతారు. వీళ్లు లైవ్‌లో కోసిన దిమ్మ అదే వారంలో నా చేతికొచ్చింది, నొక్కితే వేలు దిగింది. తాజాగా ఉందని మురిసిపోయాను కూడా, నా తెలివికి ఒక దండం బొమ్మ.

5.5 అన్నది ఇంకా పెద్ద అబద్ధం. నూనె, సోడాలతో చేసిన అసలు సబ్బు పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది. ఎంత మంచి సబ్బయినా అంతే. దాన్ని 5.5కి దించితే పాలు విరిగినట్టు సబ్బు విరిగిపోతుంది, నురగ రాదు. మన చర్మం పైపొర 5కి అటూ ఇటూగా ఉంటుంది, పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటేనే పది రెట్లు. 5.5 దగ్గర ఉండగలిగేవి సిండెట్ బార్లు. చూడ్డానికి సబ్బులాగే ఉంటాయి గానీ అవి సబ్బు కావు, వేరే క్లెన్సర్లతో చేస్తారు. ఇప్పుడు డాక్టర్ నాకు రాసింది అదే, స్నానం కాగానే తడి ఆరకముందే మాయిశ్చరైజర్ కూడా. "కెమికల్" బార్ అన్నమాట, దానికి మాత్రం మంట లేదు! వీళ్ల సబ్బు నురగలో పీహెచ్ కాగితం ముంచితే నీలం కూడా దాటి ఊదా రంగుకు తిరిగింది, అంటే క్షారం బాగా ఎక్కువ. ఆ ఫొటో పంపేలోపే బ్లాక్ అయ్యాను.

టీఎఫ్ఎం ఎక్కువున్నది కొనుక్కోవాల్సింది కదా అని కింద ఎవరో ఒకరు రాస్తారు, ముందే చెప్తున్నా. టీఎఫ్ఎం చెప్పేది సబ్బులో కొవ్వు పదార్థం ఎంతుందనే. ఒంటికి ఎంత సున్నితమో దాన్నిబట్టి తేల్చలేం.

కొనేవాళ్లు లేబుల్ మీద పదార్థాల జాబితా అడగండి. సోడియం పామేట్, సోడియం కోకోయేట్ లాంటి పేర్లుంటే సోడాతో చేసిన మామూలు సబ్బే, తప్పేం లేదు. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ ముందుంటే సిండెట్. ఒక్క సోడియం పేరూ లేకుండా నూనెలు, పాలు, ఆకులు మాత్రమే రాసి సబ్బు అంటుంటే వదిలేయండి. మంట పుడితే వెంటనే నీళ్లతో బాగా కడిగి ఆపేయండి, విషం బయటికొస్తోందని ఎవరు చెప్పినా సరే.

ఈ వారం వాళ్లు పసిపిల్లల సబ్బు కూడా మొదలుపెట్టారు. దాని మీదా సోడా లేదు, 5.5 అనే ఉంది. మీ గ్రూపుల్లో చిన్నపిల్లల తల్లులుంటే ఈ పోస్ట్ పంపండి.