మంగళాజోడిలో ఎగిరే బాతుల కోసం మూడు పూటలు

మొన్న జనవరిలో నేనూ మా బావా వైజాగ్‌లో రాత్రి ట్రైనెక్కి బాలుగావ్‌లో దిగాం, ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న మంగళాజోడికి పోదామని, పని ఒక్కటే, బాతులు ఎగురుతుంటే ఫొటో తియ్యాలి. కొల్లేటి అటపాకకి రెండుసార్లు వెళ్లి గూడబాతుల్ని తీసొచ్చా కదా, చెయ్యి అలవాటైందిలే అనుకున్నా. గూడబాతు పేరులో బాతు ఉందని మోసపోకండి, అది తీరిగ్గా బస్సులా పోతుంది, అసలు బాతు టపటపా రెక్కలు కొట్టుకుంటూ వ్యూఫైండర్‌లోంచి ఎప్పుడు పోయిందో కూడా తెలీదు.

మొదటి రాత్రి డబ్బులు మిగులుతాయని బాలుగావ్ టౌన్లో ఓ లాడ్జిలో దిగాం, అదే తప్పు. తెల్లారుజామున షట్టరుకి తాళం, వాచ్‌మన్ లేవడు, ఘాట్ చేరేసరికి ఎండ తెల్లబడిపోయింది. రెండో రోజు ఊళ్లోనే కాటేజీకి మారాం, రూము సాదాసీదా, దోమలున్నాయి, కానీ చీకట్లో లేచి పడవెక్కెయ్యొచ్చు, ఆవ పెట్టిన చేపల కూర మాత్రం బావ మూడుసార్లు వేయించుకున్నాడు.

పడవలకి మోటారు లేదు, గడతో తోస్తారు. ఒకప్పుడు ఈ ఊళ్లో చాలామంది పక్షుల్ని వేటాడినవాళ్లేనట, ఇప్పుడు గైడ్లయ్యారు, ఏ పిట్ట ఎటు లేస్తుందో వాళ్లకి తెలిసినంత మనకి ఏ లెన్సూ చెప్పదు. బావది ఇచ్ఛాపురం, ఒడియా వచ్చు కాబట్టి మాకు పని సులువైంది.

మొదటి పూట తీసినవన్నీ చెత్తే. కెమెరా షట్టర్ స్పీడు 1/1000 సెకను పెట్టా, రెక్కల చివర్లు అలుక్కుపోయాయి, 1/2500 చేశాక ఆగాయి. ఇంకో తప్పు, పక్షిని నడిమధ్య పెడదామని చూస్తే కెమెరా వెనకబడి ముక్కు ఫ్రేము అంచుకి గుద్దుకుంటోంది, వెనకాలేమో బోలెడు ఖాళీ ఆకాశం. జూమ్ 400 నుంచి 300కి తగ్గించి ముక్కు ముందు ఖాళీ వదిలితే గానీ అది ఎటో వెళ్తున్నట్టు అనిపించలేదు.

గైడు చెప్పిన మాట ఇంకా పెద్దది, గాలి చూసుకోండి అన్నాడు. బాతులు గాలికి ఎదురుగానే లేస్తాయి, గాలి మన వీపుకి తగిలేలా కూర్చుంటే మొహం ఇటు పెట్టి వస్తాయి, లేదంటే అన్నీ తోకలే. పిన్‌టెయిల్, అదే సూదితోక బాతు, అయితే నీళ్లమీంచి నిటారుగా లేస్తుంది, పోచార్డ్ అనే మునిగే బాతు కాసేపు నీళ్లమీద పరిగెడుతుంది, దానికి ఫ్రేములో పక్కన చోటు ఎక్కువ కావాలి. ట్రైపాడ్ మోసుకెళ్లొద్దు, పడవ ఊగుతుంటే దండగ.

చప్పట్లు కొట్టి లేపుదామా అన్నాడు బావ, గైడు చూసిన చూపుకి మళ్లీ నోరెత్తలేదు. గంట కూర్చున్నాక మార్ష్ హారియర్ అనే గద్ద గడ్డిమీద తక్కువ ఎత్తులో తిరిగింది, అంతే, చెరువంతా ఒక్కసారి లేచింది. ఆ గుంపులో ఒక్క మగ పిన్‌టెయిల్‌ని పట్టుకున్నా, వెనక ముదురు రెల్లు, మెడ పక్కన తెల్లగీత, కాళ్లనుంచి జారుతున్న నాలుగు నీటిచుక్కలు.

చిలికాలోనే ఇంకో చోటు సాతపాడ, డాల్ఫిన్లకి మంచిదే, బాతు ఫొటోలకని మాత్రం పోవద్దు, మోటారు బోటు దగ్గరికి నిలబడవు. ఆ పూట డబ్బులతో ఇక్కడే ఇంకో పడవ మాట్లాడుకోండి.

ఆఖరి పూట జక్కవల జంట వచ్చింది, మన కావ్యాల్లో రాత్రైతే విడిపోతాయంటారే, అవే, మన ఊళ్లలో బాపన బాతంటారు. ముందున్నది ఫొటోలో భలే పడింది, వెనకదాని రెక్క కట్ అయింది. క్రాప్ చేసి ఒక్కదాన్నే ఉంచెయ్ అంటాడు బావ, నాకు చెయ్యి రావట్లేదు.