తాలిన్ ఓపెన్ ఎయిర్ మ్యూజియం: కల్ఖోజ్ ఇంటిని చివరన చూడండి

ఎస్తోనియా రాజధాని తాలిన్ శివార్లలో, సముద్రం ఒడ్డునే ఉన్న ఈ మ్యూజియాన్ని చాలామంది పాతకాలపు ఇళ్లు చూసి ఫొటోలు దిగే చోటుగానే భావిస్తారు. నా మటుకు టికెట్టు డబ్బు గిట్టుబాటయింది మాత్రం 2021లో తెరిచిన కల్ఖోజ్ (సోవియట్ కాలపు ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం) ఇంటి దగ్గర. అయితే నేరుగా అక్కడికే వెళ్తే అది మామూలు ఇటుకల ఇల్లులా కనిపిస్తుంది.

ముందుగా రెల్లు కప్పిన రైతు ఇంట్లోకి తల వంచుకొని వెళ్లండి. పొగగొట్టం లేని పెద్ద రాతి పొయ్యి, పైన వరుసగా వేసిన కర్రలు, వాటన్నిటికీ పట్టిన మసి. కోసి తెచ్చిన ధాన్యం పనలను ఆ కర్రల మీద పరిచి, పొయ్యి వేడికి ఆరబెట్టి, పక్కనే ఉన్న కళ్లంలో నూర్చేవారు. కుటుంబం ఉండేదీ ఆ కప్పు కిందే.

1919 భూసంస్కరణలో జర్మన్ జమీందార్ల ఎస్టేట్లను పంచినప్పుడు ఎన్నో కుటుంబాలకు సొంత పొలం దక్కింది. 1940లో సోవియట్ సైన్యం, 1941లో జర్మన్ సైన్యం, 1944లో మళ్లీ సోవియట్ సైన్యం వచ్చాయి; జెండా ఎవరిదైనా ధాన్యం, పాలు, మాంసం లెవీ కట్టవలసింది రైతే. 1949 మార్చి చివరి వారంలో 20 వేల మందికి పైగా జనాన్ని, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను రైళ్లలో సైబీరియాకు పంపించేసరికి, మిగిలినవాళ్లు భయంతో ఉమ్మడి సేద్యానికి సంతకాలు పెట్టారు. దాదాపు 8 శాతంగా ఉన్న ఉమ్మడి కమతాలు ఒక్క నెలలో 64 శాతానికి చేరాయి. ‘దున్నేవాడిదే భూమి’ అన్న నినాదంతో కమ్యూనిజాన్ని ఎరిగిన మనకు, అదే జెండా కింద దున్నేవాడి చేతిలోంచి భూమి జారిపోయిన ఈ కథ మింగుడుపడదు.

ఇదంతా మనసులో పెట్టుకొని కల్ఖోజ్ ఇంటికి రావాలి. 1964లో కట్టిన నాలుగు పోర్షన్ల ఇంటిని పల్లె నుంచి తెచ్చి ఇక్కడ నిలబెట్టి, ఒక్కో పోర్షన్‌ను ఒక్కో కాలానికి తగ్గట్టు అమర్చారు. ఆ బతుకును వెక్కిరించకపోవడం నాకు నచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో కల్ఖోజ్‌లలో జీతాలు మెరుగుపడిన మాటా నిజమే. కానీ కళ్లం ఉన్న ఇంటి నుంచి వచ్చిన కంటికి ఇక్కడ వెంటనే కనిపించే లోటు, పంట దాచుకునే చోటు.

మమ్మల్ని తీసుకెళ్లిన టూర్ సంస్థ గంటన్నర మాత్రమే ఇచ్చింది, 72 హెక్టార్ల ఆవరణకు అది ఏ మూలకూ చాలదు. మర్నాడు సిటీ బస్సెక్కి మళ్లీ వెళ్లాను. నాలుగు గంటలు కేటాయించుకొని, నడవడానికి వీలైన బూట్లు వేసుకొని వెళ్లండి.