డిఫెండర్ ఎందుకు బరువెక్కిందో డిఫెండర్‌నే అడగొచ్చు

పాత కంప్యూటర్‌కి తేలికైన యాంటీవైరస్ ఏదని ఎవరడిగినా నేను చెప్పేది విండోస్‌లోనే ఉన్న మైక్రోసాఫ్ట్ డిఫెండర్ పేరే. అన్నిటికన్నా తేలికైనదని మాత్రం అనను. డబ్బు పెట్టి కొనే ఈసెట్ లాంటి యాంటీవైరస్‌లు కొన్ని పనుల్లో దీనికంటే చురుగ్గా నడుస్తాయి. డిఫెండర్ మీద నాకింత ఇష్టం కలగడానికి కారణం చాలామంది వాడని ఒక సదుపాయం. కంప్యూటర్ మొరాయిస్తున్న సమయంలో ‘ఏ ఫైలు మీద ఎంతసేపు గడిపావు, ఆ ఫైలును ఏ ప్రోగ్రామ్ తెరిస్తే చూశావు’ అని దాన్నే అడగొచ్చు. అది లెక్క తీసి చూపిస్తుంది. దాని పేరు పర్ఫార్మెన్స్ ఎనలైజర్. 4.18.2108 ప్లాట్‌ఫామ్ వెర్షన్‌తో 2021లో వచ్చింది. ఆదేశాలు టైప్ చేసి నడిపే పవర్‌షెల్‌లో దాక్కుని ఉంటుంది కాబట్టి సెట్టింగ్స్ ఎంత తిరగేసినా కనిపించదు.

ఈ సమీక్ష 4 జీబీ ర్యామ్, నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్‌డిస్క్ ఉన్న విండోస్ 10 ల్యాప్‌టాప్ మీద ఎక్కువకాలం వాడి, తర్వాత అదే ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్క్) వేసి వాడిన అనుభవం మీద రాస్తున్నది. టాస్క్ మేనేజర్‌లో డిఫెండర్ ‘యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్’ అనే పేరుతో కనిపిస్తుంది. ఊరికే ఉన్నప్పుడు సుమారు 150 నుంచి 250 ఎంబీ ర్యామ్ తీసుకుంటుంది. బ్రౌజర్‌లో ఒకట్రెండు బరువైన ట్యాబ్‌లు తినే మెమరీ అంతే. కాబట్టి ఇబ్బంది ర్యామ్ దగ్గర కాదు, డిస్క్ దగ్గర. తిరిగే డిస్క్‌లో చిన్నచిన్న ఫైళ్లు వేలకొద్దీ చదవాల్సి వస్తే ముల్లు అటూ ఇటూ కదలడంతోనే సమయమంతా పోతుంది. డిస్క్ వాడకం 100 శాతం దగ్గర నిలిచిపోతుంది, మౌస్ తప్ప ఇంకేదీ కదలదు.

ఇలాంటప్పుడు చాలామంది రియల్‌టైమ్ ప్రొటెక్షన్ (ఫైలు తెరిచినప్పుడల్లా అక్కడికక్కడే చూసే కాపలా) ఆపేయమంటారు. ఆపితే కొంతసేపటికి దానంతటదే మళ్లీ ఆన్ అవుతుంది. విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే రిజిస్ట్రీలో మార్పులు చేద్దామంటే, డిఫెండర్ సెట్టింగ్స్‌ని ఎవరూ మార్చకుండా కాచే ట్యాంపర్ ప్రొటెక్షన్ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది. కాపలా ఆపేసే ముందు అసలు బరువు ఎక్కడుందో చూడాలి.

స్టార్ట్ మెనూలో పవర్‌షెల్ మీద రైట్‌క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఇవ్వండి. ఆదేశాల పేర్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో, పేరు మధ్యలో ఖాళీల్లేకుండా కొట్టాలి. సగం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది పవర్‌షెలే పూర్తిచేస్తుంది. ముందు సీ డ్రైవ్‌లో టెంప్ లాంటి పేరుతో ఒక ఫోల్డర్ ఉండేలా చూసుకోండి. తర్వాత ‘న్యూ-ఎంపీపర్ఫార్మెన్స్‌రికార్డింగ్’ ఆదేశం, దాని వెంట ‘-రికార్డ్‌టు’ అనే పరామితి, ఆ వెంట ఆ ఫోల్డర్‌లో ఈటీఎల్ పొడిగింపుతో (చివర చుక్క పెట్టి ఈటీఎల్ అని) ఒక ఫైలు పేరు. రికార్డింగ్ మొదలయ్యాక ఆ కిటికీని వదిలేసి, ఏ పని చేస్తే కంప్యూటర్ నెమ్మదిస్తోందో అదే పని చేయండి. ఇదే ముఖ్యం. ఖాళీగా ఉన్న కంప్యూటర్‌ని రికార్డ్ చేస్తే ఖాళీ నివేదికే వస్తుంది. నాలుగైదు నిమిషాల తర్వాత వెనక్కి వచ్చి ఎంటర్ నొక్కితే ఆగుతుంది. కంట్రోల్-సీ నొక్కితే మాత్రం అంతా రద్దవుతుంది.

నివేదికకి ‘గెట్-ఎంపీపర్ఫార్మెన్స్‌రిపోర్ట్’. దానికి ఆ ఫైలు దారి చూపించి ‘-టాప్‌ఫైల్స్’, ‘-టాప్‌ప్రాసెసెస్’, ‘-టాప్‌ఎక్స్‌టెన్షన్స్’ ఒక్కొక్కదానికి 10 అని ఇవ్వండి. మూడు పట్టికలు వస్తాయి. ఎన్నిసార్లు స్కాన్ చేసింది, మొత్తం ఎంతసేపు పట్టింది, సగటెంత, గరిష్ఠమెంత అన్నీ ఉంటాయి. ముందు చూడాల్సింది ప్రాసెస్‌ల పట్టిక. అందులో ఉండేవి, ఫైలు తెరిచి డిఫెండర్‌ని పనిలోకి దింపిన ప్రోగ్రాములు.

పైన చెప్పిన ల్యాప్‌టాప్ రోజూ సాయంత్రం ఒకే వేళకి స్తంభించేది. టాస్క్ మేనేజర్‌లో డిఫెండరే పైన ఉండేది కాబట్టి తప్పంతా దానిదే అనిపించేది. నివేదికలో ప్రాసెస్‌ల వరుసలో మొదట ఉన్నది ఫొటోలను బయటి డ్రైవ్‌కి బ్యాకప్ తీసే ఒక చిన్న ప్రోగ్రామ్. ఫైళ్ల పట్టికలో పాత పెళ్లి ఫొటోల జిప్‌లు, ఫోన్‌లోంచి దింపిన వీడియోలు. ఏళ్ల తరబడి ఎవరూ మార్చని ఫైళ్లను రోజూ ఎందుకు తెరుస్తోందని ఆ ప్రోగ్రామ్ సెట్టింగ్స్ చూస్తే సంగతి బయటపడింది. ఫైలు మారిందో లేదో తేదీ, సైజు చూసి తేల్చకుండా, లోపలి డేటా మొత్తం చదివి చెక్‌సమ్ (ఫైలు మారితే మారిపోయే ఒక సంఖ్య) కట్టే ఆప్షన్ ఆన్‌లో ఉంది. అది ప్రతి ఫైలూ తెరుస్తుంది, తెరిచిన ప్రతిదాన్నీ డిఫెండర్ చూడబోతుంది, జిప్‌ల దగ్గరికొచ్చేసరికి లోపలివి విప్పి మరీ చూడాలి. తిరిగే డిస్క్ మీద ఒకేసారి రెండు చదువులు. ఆ ఆప్షన్‌ని తేదీ-సైజుకి మార్చాక సాయంత్రం స్తంభన పోయింది. డిఫెండర్‌లో ఒక్క సెట్టింగ్ కూడా మార్చాల్సిన పని పడలేదు. యాంటీవైరస్ మార్చి ఉంటే కొత్తదానికీ ఇదే గతి పట్టి ఉండొచ్చు, ఎందుకంటే రియల్‌టైమ్‌లో ఫైలు తెరిచినప్పుడు చూడటం చాలావాటి పద్ధతి.

అన్నిసార్లూ ఇంత సులువుగా తేలదు. ప్రోగ్రామ్‌లో మార్చడానికి ఏమీ లేకపోతే అప్పుడు ఎక్స్‌క్లూజన్, అంటే స్కాన్ నుంచి మినహాయింపు. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో మేనేజ్ సెట్టింగ్స్, అడుగున ఎక్స్‌క్లూజన్స్. ఇక్కడ ఫోల్డర్ కంటే ప్రాసెస్‌ని ఎంచుకోవడం మేలు. ప్రాసెస్‌ని మినహాయిస్తే ఆ ప్రోగ్రామ్ తెరిచే ఫైళ్లను మాత్రమే రియల్‌టైమ్‌లో వదిలేస్తుంది. అవే ఫైళ్లను వేరే ప్రోగ్రామ్ తెరిస్తే చూస్తుంది, షెడ్యూల్ స్కాన్‌లోనూ చూస్తుంది. ప్రోగ్రామ్ పేరొక్కటే కాకుండా పూర్తి దారి ఇవ్వండి. పేరొక్కటే ఇస్తే, అదే పేరు పెట్టుకుని ఏ ఫోల్డర్‌లోంచి వచ్చిన మాల్వేర్‌కైనా ఆ మినహాయింపు దక్కుతుంది. డౌన్‌లోడ్స్‌నో, టెంప్‌నో, జిప్ పొడిగింపునో మొత్తంగా మినహాయించడం దొంగ చేతికి తాళంచెవులు ఇచ్చినట్టే.

స్కాన్‌కి సీపీయూ హద్దు పెట్టుకోవచ్చన్నది డిఫెండర్ గురించి అందరూ మెచ్చుకునే మాట, నేనూ మెచ్చుకున్నాను. ‘సెట్-ఎంపీప్రిఫరెన్స్’ ఆదేశంతో ‘స్కాన్‌ఏవీజీసీపీయూలోడ్‌ఫ్యాక్టర్’ విలువని 50 నుంచి 20కి తగ్గించమని చెబుతారు. తగ్గించినా ఫ్యాన్ గోల తగ్గలేదని చాలామంది అంటారు, అది నిజమే. ఆ హద్దు షెడ్యూల్ స్కాన్‌లకే వర్తిస్తుంది, మీరు చేత్తో మొదలుపెట్టిన స్కాన్‌కి మామూలుగా వర్తించదు. పైగా కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు నడిచే షెడ్యూల్ స్కాన్‌కి కూడా వర్తించదు. ‘డిసేబుల్‌సీపీయూథ్రాటిల్‌ఆన్‌ఐడిల్‌స్కాన్స్’ అనేది మొదటినుంచే ట్రూగా ఉండటమే అందుకు కారణం. దాన్ని ఫాల్స్ చేస్తేనే మీరిచ్చిన 20 పనిచేస్తుంది. అప్పుడైనా అది సగటు లక్ష్యమే, గట్టి గీత కాదు. స్కాన్ ఎక్కువసేపు సాగుతుంది. డిస్క్‌కి మాత్రం నేరుగా ఏ హద్దూ లేదు. హార్డ్‌డిస్క్ ఉన్నవాళ్లకి దీనికంటే పనికొచ్చేది టాస్క్ షెడ్యూలర్. లైబ్రరీలో మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్ ఫోల్డర్లు దాటి వెళ్తే షెడ్యూల్డ్ స్కాన్ ఉంటుంది. అందులో ట్రిగ్గర్స్‌లో భోజనాల వేళ పెట్టి, కండిషన్స్‌లో ఛార్జర్ ఉంటేనే మొదలయ్యేలా టిక్ పెట్టండి.

డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ గడువు తీరాక తీసేసి డిఫెండర్‌కి వచ్చినవాళ్లు ఒకటి తప్పక చూసుకోవాలి. అన్‌ఇన్‌స్టాల్ చేసినా దాని ఫిల్టర్ డ్రైవర్ (ప్రతి ఫైలునీ దారిలో ఆపి చూసే భాగం) ఒక్కోసారి మిగిలిపోతుంది. అప్పుడు ప్రతి ఫైలూ రెండు గడపలు దాటాలి. అడ్మినిస్ట్రేటర్ పవర్‌షెల్‌లో ఎఫ్ఎల్‌టీఎంసీ అనే అయిదక్షరాల ఆదేశం కొట్టండి. డిఫెండర్‌ది డబ్ల్యూడీఫిల్టర్, దాని ఆల్టిట్యూడ్ (వరుసలో దాని స్థానం చెప్పే సంఖ్య) 328010. యాంటీవైరస్‌లకి కేటాయించిన వరుస 320000 నుంచి 329998 వరకు. ఆ మధ్యలో పాత కంపెనీ డ్రైవర్ కనిపిస్తే ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ నడిపి రీస్టార్ట్ చేయండి. చేత్తో డిలీట్ చేయబోతే విండోస్ బూట్ కాకుండా పోయే ప్రమాదముంది.

డిఫెండర్ బలమంతా ఇంటర్నెట్ ఉన్నప్పుడే. అనుమానమున్న ఫైళ్లను మైక్రోసాఫ్ట్ సర్వర్లని అడిగి తేల్చే క్లౌడ్ ప్రొటెక్షన్ అందకపోతే గుర్తించే శక్తి బాగా పడిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ఇళ్లలో డేటా ఆదా కోసం కనెక్షన్‌ని మీటర్డ్ అని పెట్టుకుంటారు. అలా పెడితే వైరస్ నిర్వచనాలు (వైరస్‌లని గుర్తుపట్టే జాబితాలు) వాటంతటవి రాక పాతబడిపోవచ్చు. ‘గెట్-ఎంపీకంప్యూటర్‌స్టేటస్’ కొట్టి ‘యాంటీవైరస్‌సిగ్నేచర్‌ఏజ్’ చూడండి. అది రోజుల లెక్క. రెండు మూడు దాటితే ప్రొటెక్షన్ అప్‌డేట్స్‌లో చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. జిరాక్స్ షాపు నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్‌ని తెరవకముందే రైట్‌క్లిక్ చేసి స్కాన్ చేయించండి. ఫుల్ స్కాన్ పెట్టినా మామూలు సెట్టింగ్స్‌లో తీసి పెట్టే డ్రైవ్‌లను వదిలేస్తుంది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపిస్తే క్లిక్ చేయొద్దు. అసలు ఫోల్డర్లు హిడెన్ అయి లోపలే ఉంటాయి. స్కాన్ అయ్యాక హిడెన్ గుర్తు తీసేసే అట్రిబ్ ఆదేశంతో బయటికి తెచ్చుకోవచ్చు.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్‌ని ఆపే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ మంచిదే, కానీ అందరికీ సిఫారసు చేయలేను. పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లో డీటీపీ చేసుకునేవాళ్లకి డాక్యుమెంట్స్‌లో ఫైలు సేవ్ కాకపోవచ్చు. వచ్చే ఎర్రర్‌లో డిఫెండర్ పేరు కూడా ఉండదు. ప్రొటెక్షన్ హిస్టరీలో మాత్రం బ్లాక్ చేసినట్టు ఉంటుంది. అక్కడినుంచి ఆ ప్రోగ్రామ్‌ని అనుమతించాలి.

ఎవరికి సరిపోతుందనేది డిస్క్‌ని బట్టి ఉంటుంది. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేశాక ఇదే ల్యాప్‌టాప్‌లో ఈ సర్దుబాట్లలో చాలావాటి అవసరం తీరిపోయింది. కాబట్టి డబ్బు పెట్టగలిగితే యాంటీవైరస్ చందా కంటే ముందు దానికి పెట్టమంటాను. హార్డ్‌డిస్క్‌తోనే నడపాలి, వేలకొద్దీ ఫైళ్లు రోజూ కాపీ చేయాలి, పవర్‌షెల్ జోలికి వెళ్లలేను అంటే ఈసెట్ ట్రయల్ పెట్టుకుని మీ పనిమీదే పోల్చి చూసుకోండి. ఉచితవాటి విషయంలో నేను జాగ్రత్తగానే ఉంటాను. వాడకందారుల బ్రౌజింగ్ సమాచారం అమ్మిన కేసులో, ఉచిత యాంటీవైరస్ ఇచ్చే అవాస్ట్ 1.65 కోట్ల డాలర్లు చెల్లించాలని అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ 2024లో తేల్చింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్ నిర్వచనాలు మాత్రం 2028 అక్టోబర్ వరకు వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కానీ విండోస్‌లోనే ఉన్న కంతను నిర్వచనాలు పూడ్చలేవు. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్ అయితే 2026 అక్టోబర్ 13 వరకు ఉన్న ఈఎస్‌యూలో (సపోర్ట్ ముగిశాకా భద్రతా అప్‌డేట్‌లు ఇచ్చే పథకం) చేరి, ఆ తర్వాత బ్యాంకు పనులకి వేరే యంత్రం చూసుకోవాలి.