జె రంగు వజ్రం, చుట్టూ ఐ-జె రాళ్లు: ఐదేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను, ఈ ఉంగరం నాకు బాగా నచ్చింది. ఐదేళ్లు దాటినా రోజూ వేలికే ఉంటోంది. అయితే నేను రాస్తున్నది డిజైన్ గురించో షాపు గురించో కాదు. మధ్య వజ్రం రంగూ, చుట్టూ ఉన్న చిన్న రాళ్ల రంగూ కుదిరాయా, కుదిరితే ఎంతకాలం అలా నిలిచాయి అన్నదే విషయం. కొనేటప్పుడు దీన్నెవరూ పట్టించుకోరు. వజ్రం ఎన్ని సెంట్లు (సెంటంటే రెండు మిల్లీగ్రాముల బరువు), తరుగెంత, మజూరీ ఎంత, రేపు మార్చుకుంటే ఎంతకు తీసుకుంటారు... అక్కడితో మాటలు అయిపోతాయి.

నాది 18 క్యారెట్ల పసుపు బంగారం. మధ్యలో 50 సెంట్ల గుండ్రటి వజ్రం, రంగు జె, దానికి విడిగా సర్టిఫికెట్ ఉంది. దాని చుట్టూ వలయంలా 16 చిన్న రాళ్లు, రెండు భుజాల మీద ఐదేసి. ఒక్కొక్కటి సెంటు బరువు, అడ్డంగా 1.3 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఈ చిన్నవాటికి ఒక్కోదానికి ఒక్కో కాగితం ఉండదు. సూరత్‌లో సానపట్టినవి పొట్లాల లెక్కన వస్తాయి, రంగు కూడా ఒక్క అక్షరంలో కాకుండా ఇ-ఎఫ్, జి-హెచ్, ఐ-జె అని జతగా చెప్తారు. నేను వేయించుకున్నది ఐ-జె.

ఇది వినగానే మా ఆఫీసులో ఒకావిడ "అదేంటండీ, చవకరకం వేయించారు" అంది. చవకని కాదు, చూసి మరీ అడిగి వేయించుకున్నాను. కారణం చెప్పాలంటే ఆ అక్షరాలు ఎలా ఇస్తారో కాస్త చెప్పాలి.

వజ్రం రంగును డి నుంచి జెడ్ వరకూ కొలుస్తారు. (ఎ, బి, సి ఎందుకు లేవంటే, ఈ పద్ధతి రాకముందు ఎ, ఎఎ అంటూ ఎవరికి తోచిన గ్రేడు వాళ్లు వాడేవారు. ఆ గందరగోళం అంటకూడదని డి దగ్గర మొదలుపెట్టారు.) డి, ఇ, ఎఫ్ అసలు రంగు లేనివి. జి నుంచి జె వరకూ దాదాపు లేనట్టే. కె నుంచి పసుపు ఛాయ కంటికి ఆనడం మొదలవుతుంది. అయితే ల్యాబ్‌లో ఈ అక్షరం ఇచ్చేటప్పుడు రాయిని బోర్లించి, నమూనా రాళ్ల పక్కన పెట్టి, అడుగు వైపు నుంచి చూస్తారు. మనం ఉంగరంలో చూసేది పైనుంచి. పైనుంచి చూసినప్పుడు మెరుపు రంగును చాలావరకు కప్పేస్తుంది, గుండ్రటి కటింగ్‌లో మరీను. పైగా రాయి చిన్నదయ్యే కొద్దీ రంగు ఇంకా తక్కువగా తెలుస్తుంది. అంటే ఒకే జె అయినా 50 సెంట్ల దాంట్లో కొంచెం వెచ్చగా కనిపిస్తుంది, సెంటు రాయిలో తెల్లగానే కనిపిస్తుంది. చిన్నవి ఎలాగూ ఒకటి రెండు మెట్లు తెల్లగా కనబడేటప్పుడు, వాటిని ఇంకా తెల్లవి తెచ్చి పెద్దదాని చుట్టూ కూర్చోబెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వైజాగ్‌లో జగదాంబ వైపు నేను కొన్న షాపులో సేల్స్‌మన్ సరిగ్గా అదే అన్నాడు. "చిన్న రాళ్లే కదా మేడమ్, ఇ-ఎఫ్ వేయించేసుకోండి, బిల్లులో పెద్ద తేడా రాదు." తేడా రాదన్నది నిజమే. మొత్తం పాతిక సెంట్ల చిల్లర రాళ్లు, ఎంత మంచివి వేసినా మధ్య రాయి ఖరీదు ముందు అదెంత. అందుకే ఈ మాట అందరికీ ఇట్టే ఎక్కుతుంది. డబ్బు ఎక్కువిచ్చి మన మధ్య రాయిని మనమే చిన్నబుచ్చుకోవడం ఇది.

ఆ షాపు లైట్ల కింద అయితే నాకు ఏ తేడా కనబడలేదు. కప్పు నిండా స్పాట్ లైట్లు, ఏ రాయి చూసినా నిప్పురవ్వలు రాలినట్టుంది. అలాంటి వెలుతురు మెరుపు చూపించడానికే, రంగు చూడటానికి పనికిరాదు. "బాబూ, ఒక తెల్ల కాగితం ఇప్పించు, తలుపు దగ్గర చూస్తాను" అని అడిగాను. అతను కాస్త మొహం మాడ్చుకున్నా, సెక్యూరిటీ గార్డుని పక్కన నిలబెట్టి ట్రే తెచ్చాడు. ఎండ నేరుగా పడని చోట, నీడపట్టున, కాగితాన్ని మధ్యకు మడిచి ఆ మడతలో నా జె రాయిని బోర్లించాం. ఒక పక్క ఇ-ఎఫ్ రాళ్లు నాలుగు, ఇంకో పక్క ఐ-జె నాలుగు. ఇ-ఎఫ్ పక్కన నా రాయి అంచు సన్నగా లేత పసుపు పట్టింది. ఐ-జె వైపు కాగితం తిప్పితే అదే రాయి తేటగా ఉంది. తర్వాత వాటినే వెల్లకిలా తిప్పి నా చేతి బంగారు గాజు మీద ఆనించి చూశాను. పసుపు బంగారం మీద ఆ తేడా ఇంకా తగ్గింది, కానీ పోలేదు. మా ఆయన ఈలోపు రెండోసారి టీ తాగొచ్చారు.

దీనికి వ్యతిరేక ఉదాహరణ మా ఇంట్లోనే ఉంది. మా తోటికోడలిది కూడా జె రాయే, బరువు కూడా ఇంచుమించు అంతే. కాకపోతే ఓవల్, తెల్ల బంగారంలో, చుట్టూ ఇ-ఎఫ్. ఓవల్‌లో రంగు రెండు కొసల దగ్గర చేరి కనిపిస్తుంది. అక్కడే తెల్లటి చిన్న రాళ్లు ఒత్తుగా ఉన్నాయి. చూస్తే పాలలో ఒక చుక్క డికాక్షన్ పడినట్టుంటుంది. ఒక పెళ్లిలో మా ఇద్దరి చేతులూ పక్కపక్కన పెట్టి, "అక్కా, నీది ఏ కలర్?" అంది. "నీదే కలర్, జె" అంటే నమ్మలేదు. ఇంటికెళ్లి సర్టిఫికెట్ తీసి చూసుకుని ఫోన్ చేసింది. ఆమె రాయిలో దోషం ఏమీ లేదు, దాన్ని కూర్చోబెట్టిన చోటే దానికి అచ్చిరాలేదు.

ఇంతవరకూ కొన్నప్పటి సంగతులు. వాడకంలో తెలిసినవి వేరు.

మొదటిది మురికి. వజ్రానికి జిడ్డంటే మహా ఇష్టం, పట్టిందంటే వదలదు. చిన్న రాళ్ల వెనక వెలుతురు కోసం సన్నటి బెజ్జాలు ఉంటాయి. తలకు రాసిన కొబ్బరినూనె, ఆవకాయ కలిపిన చెయ్యి, సబ్బు తెట్టు, అన్నీ వాటిలోకే పోతాయి. వెనక జిడ్డు చేరితే రాయిలో వెలుతురు సరిగ్గా తిరిగి రాదు, మసకబారుతుంది. కొన్నేళ్లకు నా ఉంగరంలో భుజాల మీది రాళ్లు ముదురుగా కనిపిస్తుంటే రంగు మారిందేమోనని టెన్షన్ పడ్డాను. వజ్రం అలా రంగు మారదు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, కాసేపు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో వెనకవైపు నుంచి రుద్దితే మళ్లీ మొదటిలాగే అయింది. సింకులో మాత్రం చేయకండి, గిన్నెలోనే చేయండి.

రెండోది రోడియం, ఇది అసలు ఊహించలేదు. మన దగ్గర పసుపు బంగారు ఉంగరాల్లో కూడా చిన్న రాళ్లు పొదిగిన చోట పైపైన రోడియం అనే తెల్లటి లోహంతో పాలిష్ వేస్తారు, రాళ్లు ఎత్తుగా కనబడాలని. నాకూ వేశారు. వాడగా వాడగా అది అరిగిపోయి కింద పసుపు బయటపడింది. అప్పుడు చూస్తే రంగు పొత్తు ముందుకన్నా బాగుంది! చుట్టూ తెల్లదనం తగ్గేసరికి మధ్య రాయి నిండుగా కనిపించింది. తర్వాత ఒకసారి రాళ్లను పట్టి ఉంచే కాళ్లు బిగించమని షాపులో ఇస్తే, ఫ్రీ సర్వీసు కదా అని నన్ను అడక్కుండానే మళ్లీ రోడియం వేసి ఇచ్చారు. వారం రోజులు నా వజ్రం నాకే పాలిపోయినట్టు అనిపించింది. ఇప్పుడు ఉంగరం ఎక్కడిచ్చినా రసీదు మీద "రోడియం వద్దు" అని రాయించుకుంటున్నాను. నా సమీక్షలో ఒక మార్కు కోత పడిందంటే దీనికే.

మూడోది బ్యాంకులో బయటపడింది. నోట్లు చూసే అల్ట్రావయొలెట్ దీపం కింద చెయ్యి పెడితే చిన్న రాళ్లలో ఐదారు నీలంగా వెలిగాయి, మిగతావి నల్లగా ఉండిపోయాయి. మధ్యది వెలగలేదు. వజ్రాల్లో నూటికి 25 నుంచి 35 దాకా ఇలా ఎంతో కొంత వెలుగుతాయి కాబట్టి పొట్లంలో అన్నీ కలిసే ఉంటాయి. మా అత్తగారి తరం బ్లూ జాగర్ అని మురిసిపోయే రాళ్లలో ఉండేదీ ఈ గుణమే. ఇంట్లో దీని ప్రభావం సున్నా. పొద్దున్నే ఆర్‌కే బీచ్‌లో ఎండ నేరుగా పడినప్పుడు మాత్రం, తెలిసి వెతికితే, ఆ ఐదారు రాళ్లు ఒక పిసరు తెల్లగా కనిపిస్తాయి. వెతక్కపోతే లేదు. కాబట్టి దీని గురించి షాపువాళ్లతో గొడవ పడటం అనవసరం.

ఇక అసలు పరీక్ష, వలయంలో ఒక రాయి ఊడిపోవడం. ఎక్కడ పడిందో తెలీదు, బహుశా రైతుబజార్ సంచిలో. షాపులో వేసిచ్చిన కొత్త రాయి సైజు సరిపోయింది కానీ ముందు పళ్లలో కట్టుడు పన్నులా ఎత్తి చూపింది. కురుపాం మార్కెట్‌లో రాళ్లు పొదిగే ఆచారి గారి దగ్గరికి తీసుకెళ్తే, భూతద్దంలో ఒక్కసారి చూసి, "ఇది ఎఫ్ రాయమ్మా, మీవి ఇంత తెల్లవి కావు" అన్నారు. తన దగ్గరున్న పొట్లాలు రెండు విప్పి, పట్టకారుతో ఒక్కో రాయినీ తీసి, ఊడిన చోటి పక్కనే పెట్టి చూశారు. కొన్ని రంగు కుదిరినా మెరుపు తీరు కుదరక పక్కన పెట్టేశారు. చివరికి పెట్టింది ఏదో నాకు తెలుసు కాబట్టి కనిపిస్తుంది, మా ఆయన ఇప్పటికీ కనిపెట్టలేరు.

మీ మధ్య రాయి డి, ఇ, ఎఫ్‌లలో ఉంటే ఇంత తంటా లేదు, పక్కన జి-హెచ్ వేసినా చిన్నవి కాబట్టి కలిసిపోతాయి. జి, హెచ్ రాయికి జి-హెచ్ వేయించండి, కళ్లు మూసుకుని. తంటా అంతా ఐ నుంచి కిందికి వెళ్లినప్పుడే, అదీ తెల్ల బంగారం, ప్లాటినంలలో ఎక్కువ. మూడు రాళ్ల ఉంగరాల సంగతి వేరు. అక్కడ పక్క రాళ్లు పెద్దవి కాబట్టి పొట్లం లెక్క కుదరదు, ఒక మెట్టు తేడా కూడా తెలుస్తుంది. మూడింటినీ ఒకేసారి ఎదురుగా పెట్టించి ఎంచుకోవాల్సిందే.

బిల్లు దగ్గర ఒక్క మాట. నగ మొత్తానికి కలిపి ఇచ్చే రిపోర్టులో రంగు ఐ-జె అని ఒకటే వరస ఉంటుంది, అది కూడా పొదిగాక కనబడినంత మేరకు చెప్పిందే. అందుకని బిల్లులో మధ్య రాయి వేరుగా, చిన్న రాళ్లు వేరుగా, వాటి సంఖ్య, సెంట్లు, పొట్లం రంగు రాయించుకోండి. హాల్‌మార్క్, నగ మీద చెక్కే ఆరు అక్షరాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడి బంగారానికి సంబంధించినవి, రాళ్ల గురించి అవి ఏమీ చెప్పవు. నా బిల్లులో "ఐ-జె, 26" అని రాసి ఉండబట్టే, కట్టుడు పన్ను రాయికి పెట్టిన డబ్బు షాపువాళ్లు మారుమాట్లాడకుండా వెనక్కిచ్చారు.